అద్దాలాయన ఇంట్లో ఆగిన బొమ్మ

అద్దాలాయన పొద్దున లేవగానే చేసే మొదటి పని, భార్య మంచం మీద వేలాడే అద్దాన్ని తుడవడం. స్టూలెక్కి, నోటితో ఆవిరి పట్టించి, పాత కాగితంతో గుండ్రంగా రుద్ది, కింద పడుకున్న ఆవిడ వంక అద్దంలోనే చూసి, "మరకేమన్నా ఉందా?" అని అడుగుతాడు.

"మరక లేదు. మీ గడ్డం ఉంది. గీసుకోండి" అంటుంది ఆవిడ.

ఆవిడ మంచం పట్టి నెల దాటింది. ఈతకొలను మెట్ల మీద కాలు జారి వెల్లకిలా పడింది. నడుము దగ్గర వెన్నుపూస చిట్లింది. కదలకుండా పడుకుంటే దానంతట అదే అతుక్కుంటుందని, తల కింద దిండు కూడా పెట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు. పక్కకు ఒత్తిగిల్లాలన్నా ఇద్దరు మనుషులు కలిసి దుంగను దొర్లించినట్టు దొర్లించాలి. ఇల్లంతా ఒంటిచేత్తో నడిపిన మనిషికి ఇప్పుడు కనిపించేదల్లా పైకప్పు, అందులో ఒక పగులు. "ఆ పగులు ఎటు మొదలై ఎటు పోతుందో కళ్లు మూసుకుని గీసిపెడతాను" అంటోంది.

భార్య పైకప్పు చూస్తూ పడుకోవడం అద్దాలాయన వల్ల కాలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన పనే అది, ఎదురుగా లేనిదాన్ని ఎదురుగా చూపించడం. క్షౌరశాలలకు, బట్టల దుకాణాలకు, నాట్యం నేర్పే గదులకు అద్దాలు కోసి బిగిస్తాడు. "ముంజేతి కంకణానికి అద్దమెందుకయ్యా?" అని వీధిలో ఎవరైనా ఆటపట్టిస్తే, "కొనేవాడుంటే కంకణానికీ బిగిస్తాను" అంటాడు. మంచానికి ఎదురుగా టీవీ తెచ్చి పెట్టాడు. పైకప్పుకు కొక్కేలు వేసి మంచం మీద ఏటవాలుగా ఒక అద్దం వేలాడదీశాడు. అందులో టీవీ కనిపించింది గానీ, కుడి ఎడమ అయింది, అక్షరాలన్నీ తిరగబడ్డాయి. టీవీని గోడవైపు తిప్పి, ఆ గోడకు రెండో అద్దం బిగించాడు. మొదటి అద్దం తిప్పినదాన్ని రెండో అద్దం సరిచేసింది. ఆవిడ పడుకున్నచోటనుంచే అన్నీ సరిగ్గా చూడగలిగింది. ఆ రోజు ఆయన రెండు పూటలా కడుపునిండా తిన్నాడు.

ఇదంతా సినిమాల కోసం కాదు. వాళ్లకు ఒక్కతే కూతురు. ఎత్తయిన గద్దె మీదనుంచి కొలనులోకి డైవ్ చేస్తుంది. పుట్టిన బిడ్డ నీళ్లకు ఏడవకపోవడం చూసి మేనమామ 'కప్ప' అని పేరు పెట్టాడు, అదే స్థిరపడింది. ఏడేళ్లప్పుడు కొలను దగ్గరకు మొదటిసారి తీసుకెళ్లింది తల్లే. అప్పటినుంచి ఒక్క డైవ్ కూడా ఆవిడ కన్ను దాటిపోలేదు. తల్లికి ఈత రాదు. కానీ చూపు కత్తిలాంటిది. పిల్ల నీళ్లలోనుంచి తల పైకెత్తగానే మార్కుల బోర్డు వైపు చూడదు, తల్లి వైపు చూస్తుంది. తల్లి చెయ్యి తిప్పి చూపిస్తుంది: మోకాలు వంగింది, భుజం ఒదులైంది, కాళ్లు విడిపోయాయి. శిక్షకుడు మంచివాడే. కాని ఆయన కింద ముప్పైమంది పిల్లలు. ఒక్క పిల్ల మడమలు చూస్తూ కూర్చోవడం ఆయనకు కుదరదు.

ఈ ఆదివారం పెద్ద పోటీ. తుది అంచెలో ఎనిమిదిమంది. ఒక్కొక్కరికి అయిదు డైవ్‌లు. మొదటి ఆరుగురే పై పోటీకి వెళతారు. పోటీ వేరే ఊళ్లో. కాని కొలనువాళ్లు దాన్ని నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తారు.

"అమ్మా, నువ్వు టీవీలో చూడు. ఒక్కో డైవ్ అయ్యాక ఫోన్ చేస్తాను. ఏది తప్పో చెప్పు, తర్వాతదాన్లో సరిచేసుకుంటాను. చూడకుండా మాత్రం చెప్పకు" అంది కప్ప.

"చూడనిది నేనెప్పుడు చెప్పానే?" అంది తల్లి.

మొదట్లో అంతా బాగానే ఉంది. మూడు వారాల కిందట సాధన పోటీ చూపించినప్పుడు హెచ్‌డీలో బొమ్మ అద్దంలో అద్దంలా వచ్చింది. కాలివేళ్లు లెక్కపెట్టొచ్చు. ఎడమ బొటనవేలికి కప్ప ప్లాస్టర్ వేసుకుందని తల్లి మంచంలోనుంచే పట్టేసింది.

తర్వాత జిమ్‌వాళ్ల సరుకు వచ్చింది. నాలుగు గోడలకూ అద్దాలు కావాలని వాళ్లడిగారు. మనిషికంటే ఎత్తయిన నిలువుటద్దాలు, వెనక వెండిపూత దట్టంగా ఉన్నవి. కోత, అంచులు నూరడం, అన్నీ అయ్యాయి. తీరా ఇద్దామంటే, "నేల ఇంకా ఆరలేదు, సోమవారం బండి పంపిస్తాం" అన్నారు జిమ్‌వాళ్లు. ఆ ఇల్లు సన్నగా పొడుగ్గా ఉంటుంది. ముందు గది అద్దాల కొట్టు, నెట్ తీగ వచ్చేదీ వైఫై పెట్టె ఉండేదీ అక్కడే. కొట్టు వెనక పొడుగు నడవా, మధ్యలో వంటగది గుమ్మం, నడవా చివర ఒక మలుపు, మలుపు తిరిగితే భార్య పడుకున్న వెనక గది. కొట్టులో చోటు లేక అద్దాలాయన సరుకంతా నడవా గోడలకు ఆనించాడు. మలుపు దగ్గర ఇంకా మూడు అడ్డంగా నిలబెట్టాడు, మనిషి ఒరుసుకుంటూ పోవడానికి చాలినంత సందు వదిలి.

ఆ సాయంత్రంనుంచే టీవీలో బొమ్మ ఆగిపోయి, దాని నడుమ గుండ్రం తిరగడం మొదలైంది.

అద్దాలాయన మొదట టీవీని తిట్టాడు. తర్వాత నెట్‌వాళ్లను. తర్వాత పక్కింటి కుర్రకారును, వాళ్లు ఆటలాడి నెట్ అంతా పీల్చేస్తున్నారని. మెకానిక్‌కు ఫోన్ చేస్తే గురువారం వస్తానన్నాడు, గురువారం శుక్రవారమన్నాడు, శుక్రవారం ఫోనెత్తి, "సోమవారం పొడుగు తీగతో సహా దిగుతానండి, ఇక చూసుకోండి" అన్నాడు. ఫోన్‌లో చూద్దామా అంటే, వెనక గదిలో మాట వినపడటమే గొప్ప, బొమ్మ రాదు.

శనివారం బావమరిది వచ్చాడు. భార్యకు తమ్ముడు, బస్సు నడుపుతాడు. బస్సు ఎక్కినవాళ్లు మాట్లాడుకునేవన్నీ విని, విన్నవన్నీ తనకు తెలుసనుకుంటాడు.

"బావా, పెట్టె వెనకాల తళతళలాడే రేకు పెట్టాలి. అప్పుడు సిగ్నల్ అంతా ఇంట్లోకే కొడుతుంది. మా బస్సులో ఒక సారు చెప్పాడు."

"ఎందుకు పనికొస్తుంది?"

"టార్చి లైటుకు వెనకాల మెరిసే గిన్నె ఉండదూ? అలా."

అద్దాలాయన కళ్లు మెరిశాయి. ఇన్నాళ్లకు నెట్ సంగతి ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పినవాడు దొరికాడు. "రేకెందుకురా, ఇంటినిండా అద్దాలుండగా" అన్నాడు. పెట్టె వెనక ఒక అద్దం నిలబెట్టాడు. అంతటితో ఆగితే బాగుండేది. నడవా చివర మలుపుంది కదా. వెలుతురును మలుపు తిప్పాలంటే మూలన ఏటవాలుగా అద్దం పెడతారు. చీకటి దుకాణాలకు ఆయన ఎన్నిసార్లు అలా ఎండ తెప్పించలేదు! మలుపులో ఒకటి, వెనక గది గుమ్మం పక్కన ఒకటి, కోణాలు చూసి మరీ నిలబెట్టాడు. కొట్టులో టార్చి వేస్తే వెలుతురు నడవా దాటి, మలుపు తిరిగి, భార్య పాదాల మీద పడింది.

"ఇంకేం, అక్క కాలిదాకా వచ్చేసింది" అన్నాడు బావమరిది.

టీవీ పెట్టారు. ఇదివరకు గుండ్రం తిరిగేది, అప్పుడప్పుడు బొమ్మ వచ్చేది. ఇప్పుడు గుండ్రమే మిగిలింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. మీ ఇద్దరూ కలిస్తే అంతే" అంది భార్య పైకప్పు అద్దంలోకి చూస్తూ.

ఆదివారం మధ్యాహ్నం పోటీ మొదలైంది. బొమ్మ ఒకసారి వచ్చి, ఒకసారి ఆగి, మళ్లీ వచ్చి, చివరికి కప్పను చూపించింది. నీలం ఈతబట్టలో గద్దె అంచున నిలబడి ఉంది. గుండ్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగేసరికి తెర మీద నీళ్లున్నాయి, నీళ్ల మీద అలలున్నాయి.

ఫోన్ మోగింది. వెనకాల కొలను గోల. "అమ్మా! కాళ్లు?"

"కనపడలేదే తల్లీ."

"అసలేం కనపడలేదా?"

"నిలబడ్డావు. ఆ తర్వాత నీళ్లున్నాయి."

"సరే, మళ్లీ చేస్తాను" అని పెట్టేసింది.

అద్దాలాయన కాలుగాలిన పిల్లిలా నడవాలో అటూ ఇటూ తిరిగి, నెట్ కంపెనీకి ఫోన్ చేశాడు. అటుపక్క ఒక ఆడమనిషి, గొంతులో తొందర గాని విసుగు గాని లేవు. లైను పరీక్షించి చెప్పింది.

"మీ ఇంటివరకు నెట్ బాగానే వస్తోంది సార్."

"ఇంటివరకు వస్తే నాకేం లాభమమ్మా, మా ఆవిడవరకు రావాలి."

"పెట్టెకూ టీవీకీ మధ్య గోడలెన్ని ఉన్నాయి సార్?"

"గోడలదేముందమ్మా, ఎప్పుడూ ఉన్నవే."

"మధ్యలో ఇనుప బీరువా గాని, నీళ్ల తొట్టి గాని, పెద్ద అద్దాలు గాని ఏమన్నా ఉన్నాయా?"

"అద్దాలా? ఉన్నాయమ్మా! ఇరవై నాలుగు" అన్నాడు అద్దాలాయన, ఎవరో సరుకు బేరానికి వచ్చినంత సంబరంగా. "మనిషెత్తువి. అన్నీ వెండిపూతే."

"వాటిని తీసేయండి సార్. ఆ పూత సిగ్నల్‌ను ఆపేస్తుంది. ముఖ్యంగా టీవీ గదికి ఎదురుగా ఉన్నవి."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని నడవా వైపు చూశాడు. రెండు వైపులా ఆయనే నిలబడి ఉన్నాడు, వరుసగా, మలుపుదాకా. తన చేతులతో కోసి, తన చేతులతో నూరి, తన చేతులతోనే తెచ్చి అడ్డం పెట్టాడు.

పనివాళ్లిద్దరికీ ఆదివారం సెలవు. ఒకతను ఫోనెత్తలేదు, ఇంకొకతను ఊళ్లో లేడు. తీగ కొందామంటే కొట్లు మూసి ఉన్నాయి. మిగిలింది బావమరిది.

"పట్టు" అన్నాడు అద్దాలాయన.

"ఒక్కొక్కటి ఎంత బరువుంటుంది బావా?"

"ఎత్తితే నీకే తెలుస్తుంది."

ఎత్తాక తెలిసింది. "బస్సును నెట్టడమే నయం" అన్నాడు బావమరిది, మొదటిది కొట్టులోకి చేరేలోగా. అద్దాన్ని పడుకోబెట్టి మోయకూడదు, దాని బరువుకు అదే నడుమ విరుగుతుంది. నిలువుగా, అంచు మీద, చెరోవైపు పట్టుకుని, అడుగులో అడుగేస్తూ నడవాలి. గుమ్మాల దగ్గర ఆగాలి. తొందరపడ్డవాడికి వేళ్లుండవు.

రెండో డైవ్‌కు బొమ్మ ఆగలేదు గాని ముక్కలైంది. నీలం చతురస్రాలు, గోధుమరంగు చతురస్రాలు పైనుంచి కిందికి రాలాయి.

"ఏ ముక్క నీ కాలో తెలియలేదు" అని చెప్పింది తల్లి ఫోన్‌లో.

"మార్కులు తక్కువేశారమ్మా. కాళ్లేనేమోనని అనుమానం. చేతులేమో. ఏది సరిచేసుకోమంటావు?"

"చూడకుండా ఏం చెప్పను?"

"ఊరికే ఏదో ఒకటి చెప్పవే అక్కా, పిల్లకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు బావమరిది గుమ్మంలోనుంచి, చేతులు తొడలకు రుద్దుకుంటూ.

"చేతులని చెప్తే, దానికి చేతులు బాగుంటే, వాటిని కూడా పాడుచేసుకుంటుంది. నువ్వెళ్లి మొయ్యి."

మూడో డైవ్ సమయానికి కొట్టు సగం నిండింది. ఈసారి బొమ్మ కుదురుగా వచ్చింది. కప్ప గద్దె వదిలింది, గాల్లో ముడుచుకుంది, విచ్చుకుంది, తల కిందికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. తలకిందులుగా, చేతులు చాచి, కొలనుకు ఇంకా ఎంతో ఎత్తున, కదలకుండా. ముగ్గురూ అద్దంలోకి చూస్తున్నారు. మంచంలోని ఆవిడకు కూతురు సరిగ్గా తన ముఖం మీదికి దిగుతున్నట్టుంది, దిగటం లేదు.

"పాపం, ఎంతసేపలా ఉంటుంది" అన్నాడు బావమరిది, తనకు తెలియకుండానే.

అద్దాలాయన రిమోట్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. టీవీ పక్కన అరచేత్తో కొట్టాడు. కప్ప గాల్లోనే ఉంది. తర్వాత చప్పున వేరే అమ్మాయి వచ్చింది, తువ్వాలు చుట్టుకుని, నవ్వుతూ.

"తలకిందుల వరకు బాగుంది" అని చెప్పింది తల్లి ఫోన్‌లో. "అక్కడివరకు తప్పేం లేదు. తర్వాతది చూడలేదు."

"తప్పంతా తర్వాతే ఉందమ్మా" అంది కప్ప. గొంతు తడిగా ఉంది. నీళ్ల తడో ఏమో తెలియదు.

నాలుగో డైవ్ వాళ్ల తప్పువల్లే పోయింది. ఈలోగా ఇంకొకటి మోసేద్దామని బయల్దేరారు. ఎనిమిదిమందిలో తమ పిల్ల వంతు రావడానికి వ్యవధి ఉందనుకున్నారు. ఎవరో అమ్మాయి పోటీనుంచి తప్పుకుందట, వంతు ముందుకు జరిగింది. అద్దం సరిగ్గా నడవా నడుమ అడ్డంగా ఉన్నప్పుడు లోపలినుంచి కేక వినపడింది.

"ఆపండి! మోయకండి! బొమ్మ పోయింది!"

ఆపితే అక్కడే అడ్డంగా ఉంటుంది. నడిస్తే ఇంకా అడ్డం వస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"ఎటు?" అన్నాడు బావమరిది.

"తెలియడం లేదురా" అన్నాడు అద్దాలాయన.

ఆ డైవ్‌కు కప్ప ఫోన్ చేయలేదు.

ఇక మిగిలింది ఒక్కటి. నడవా చాలావరకు ఖాళీ అయింది. కొట్టులో కాలు పెట్టే చోటు లేదు. వీధిలో పెడదామంటే ఎదురుగా ఎండ, వచ్చేపోయే బళ్లు. ఎవడి కంట్లో మెరుపు పడినా ప్రమాదం. మలుపు దగ్గరి అద్దాలన్నిటినీ ఎలాగో గోడకు అంటిపెట్టి ఒదిగించారు గాని, అన్నిటికంటే పెద్దది, జిమ్ ముఖద్వారం దగ్గరకని కోసినది, ఎటూ ఇమడలేదు. దాన్ని వంటగది గుమ్మంలోకి సగం దూర్చారు. పై అంచు గుమ్మానికి తగిలింది. వంచితే విరుగుతుంది. వదిలితే జారుతుంది.

"బొమ్మ వచ్చింది!" అని అరిచింది భార్య. "నిండుగా వచ్చింది! కాలివేళ్లు కనపడుతున్నాయి! అలాగే ఉండండి!"

"అలాగే అంటే ఎలాగే అక్కా?" అన్నాడు బావమరిది. "పట్టుకునా?"

"పట్టుకునే!"

బావమరిది వంటగది లోపల, అద్దాలాయన నడవాలో. మధ్య అద్దం. ఆయన చెంప గాజుకు ఆనింది. వెనక గది గుమ్మం పది అడుగుల దూరంలో ఉంది. తల తిప్పితే పట్టు తప్పుతుంది. ఎదురుగా తన ముఖమే, ఒక కన్ను, సగం మీసం. ఆయన ముప్పై ఏళ్లలో ఎంతోమందికి ఎన్నో చూపించాడు. ఇప్పుడు పది అడుగుల అవతల కూతురు గద్దె ఎక్కుతోంది, ఆయనకు వినికిడి ఒక్కటే మిగిలింది.

"ఎక్కిందా?" అని అడిగాడు.

"ఎక్కింది. మాట్లాడకండి."

"ఎలా ఉంది?"

"వీపు ఇటువైపు పెట్టి నిలబడింది. మాట్లాడకండన్నానా!"

టీవీలో జనం గోల తగ్గింది. వంటగదిలో బావమరిది గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. నీళ్ల చప్పుడు వినపడింది. చప్పట్లు వినపడ్డాయి, మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు. లోపలినుంచి భార్య గొంతులో ఒక శబ్దం వచ్చింది. అది సంతోషమో మరొకటో, పాతికేళ్లు కాపురం చేసిన మనిషికి కూడా అంతుపట్టలేదు.

"ఏమైంది?"

లోపల చప్పట్లు ఆగిపోయాయి.

"ఏమైందే? చూశావా?"

"చూశాను. మొత్తం చూశాను."

"బావా, నా చేతులు పడిపోతున్నాయి" అన్నాడు బావమరిది.

"మార్కులు పడనివ్వండి, దించకండి" అంది ఆవిడ.

మార్కులకంటే ముందు ఫోన్ మోగింది. ఆవిడ ఛాతీ మీదే ఉంది ఫోన్. అద్దాలాయనకు ఇటువైపు మాటలే వినపడ్డాయి.

"చూశానే... అవును, మొత్తం... చేతులు బాగున్నాయి. చేతుల్లో ఏ తప్పూ లేదు... కాళ్లే. నీళ్లు తాకేముందు విడిపోయాయి. కుడి మడమ బయటికి పోతోంది... మొదటినుంచీ అదే అయ్యుంటుంది. చిన్నదే. ఒక్కసారి చెప్తే సరిపోయేది." అటునుంచి చెప్పేది వింది. "అవునే. మొదట్లోనే చెప్పి ఉంటే సరిపోయేది. ఊఁ. ఏడవకు. జుట్టు తుడుచుకో."

ఫోన్ పెట్టేశాక ఆవిడ అద్దంలో తెర వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత మామూలు గొంతుతో పిలిచింది.

"ఏమండీ."

"ఊఁ."

"దించెయ్యండి. మార్కులు పడ్డాయి."

ఇద్దరూ అంచు మీద అంచు ఆనిస్తూ, అంగుళం అంగుళం వెనక్కి జరుపుతూ అద్దాన్ని మళ్లీ మలుపులోకి తెచ్చారు. అది గోడకు ఆనగానే లోపల టీవీ గొంతు ఆగిపోయింది. అద్దాలాయన గుమ్మంలోకి వచ్చి, అరచేతుల మీద ఎర్రటి గీతలు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఎన్నో స్థానం?" అన్నాడు.

"ఏడు" అంది ఆవిడ. "ఆరో పిల్లకంటే ఒకటిన్నర మార్కు తక్కువ."